విశ్రాంతికి ఐదు కుర్చీలు

మా భద్రాచలంలో మనిషి రెండుసార్లు ఫ్లెక్సీ ఎక్కుతాడు. పుట్టినరోజుకి ఒకసారి, పోయినరోజుకి ఒకసారి. మధ్యలో ఉన్నరోజులకి ఎవరూ ఫ్లెక్సీ వేయించరు. నా బతుకు ఈ రెండు రోజుల మీదే నడుస్తుంది కాబట్టి మూడో రకం గురించి నేనూ అడగలేదు. పేరు సారంగపాణి. షాపు పేరు 'సారంగ డిజిటల్స్'. గోదావరి కరకట్ట వైపు దిగే రోడ్డు మీద, చర్ల బస్సులు ఆగే పాత షెడ్డుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది.

ఆ షెడ్డులో ఒక సిమెంటు బల్ల. ఆ బల్ల మీద ఉప్పలమ్మ.

ఆమెకి అరవై దాటి ఉంటాయి. పొద్దున్నే సెంటర్లో ఒక టిఫిన్ హోటల్లో ప్లేట్లు కడుగుతుంది. హోటలాయన టిఫిన్ పెడతాడు, చోటు మాత్రం పెట్టడు. అంతకుముందు లోతట్టున ఒక గది కిరాయికి ఉండేది. వరదకి దాని గోడ పడింది. గోడ పడ్డందుకు ఇంటాయనకి సాయం అందింది. గోడ పక్కన పడుకున్నందుకు ఎవరికీ ఏమీ అందదు. అప్పటినుంచి ఈ బల్ల. ఆమె ఎడమ కాలు బోదకాలు. కిందికి వేలాడేస్తే బరువెక్కి సలుపుతుంది, బారుగా చాపుకుంటే ఊరుకుంటుంది. అందుకని ఆమెకి కావలసింది ఇల్లు కాదు, వాకిలి కాదు. ఒక మనిషి పొడవున బల్ల. అంతే.

రెండేళ్ళు అలాగే నడిచింది. ఆమె పడక ఎవరికీ పడకుండా పోవాలంటే ముందు అది ఎవరి కంటైనా పడాలి గదా. పడలేదు. బస్సు కోసం వచ్చినవాళ్ళు బల్ల చివర కూర్చునేవారు, ఆమె కాలికి కొంచెం ఎడంగా, సామాను పక్కన కూర్చున్నట్టు.

పడుకోవడం అంటే మా ఊరికి కోపమేమీ లేదు. ముక్కోటికీ నవమికీ వేలమంది ఈ రోడ్డు మీదే దుప్పట్లు పరుస్తారు. మేం జరిగి చోటిస్తాం, మజ్జిగ పోస్తాం, పిల్లలు ఏడిస్తే ఫ్యాను తెచ్చి పెడతాం. తెల్లారి లేచి వెళ్ళిపోయేవాడు భక్తుడు. తెల్లారినా వెళ్ళనిది న్యూసెన్సు. తేడా అంతా వెళ్ళడంలో ఉంది.

ఆ వానాకాలం శోభారాణి గారు పోయారు. మా వీధి వర్తకుల సంఘానికి పెద్ద బసవపున్నయ్య గారి భార్య. కొడుకు చందర్‌కి సిమెంటూ ఇనుమూ అమ్మే దుకాణం. వాడే వచ్చి పెద్ద శ్రద్ధాంజలి ఫ్లెక్సీ చెప్పాడు. పైన ఆమె నవ్వుముఖం, కింద రెండు వరసల్లో చుట్టాల బొమ్మలు గుండ్రంగా. కొట్టి ఆరబెట్టాక చందర్ వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"పాణన్నా, బావ ఏడి?"

"ఏ బావ?"

"సత్తుపల్లి బావ! అల్లుడు లేకుండ శ్రద్ధాంజలా? గిది కడితే పెద్దకర్మకి అక్క గడప తొక్కదు."

అల్లుడి బొమ్మ చేర్చి ఇంకోటి కొట్టాను. అల్లుడు లేనిది షాపులోనే మూలన ఉండిపోయింది. మామూలుగా అచ్చు తప్పిన ఫ్లెక్సీలు గడ్డివాములకీ, ఆటోల మీదికీ పోతాయి. గట్టి గుడ్డ, నీళ్ళు దిగవు. ఆ సాయంత్రం జల్లు కొడుతుంటే ఉప్పలమ్మ మెట్టు దగ్గరికి వచ్చింది.

"సారూ, షెడ్డు కురుస్తాంది. పాతది ఏమన్న ఉన్నదా?"

చేతికి అందింది ఇచ్చాను. ఆమెది నిద్ర, నాది ముద్ర. ఇద్దరికీ సరిపోయింది అనుకున్నాను.

పొద్దున షట్టర్ ఎత్తేసరికి షెడ్డు ముందు జనం. బల్ల మీద బారుగా శోభారాణి గారు నవ్వుతున్నారు. కింద ఉప్పలమ్మ ఉందన్న సంగతి పాదాల దగ్గర తప్ప తెలియడం లేదు. చర్ల బస్సు దిగిన ఒకావిడ చేతిలో ఉన్న బంతిపూలు తీసి ఫ్లెక్సీ మీద పెట్టింది. ఒకాయన చెప్పులు విప్పి దండం పెట్టాడు. దిండు లేని మనిషికి దండలూ దండాలూ. రెండేళ్ళుగా అదే బల్ల పక్కనుంచి నడిచిన మనుషులు మొదటిసారి ఆగారు. ఇంకెవరో బల్ల సందులో ఊదుబత్తులు గుచ్చారు. ఆ పొగకి ఫ్లెక్సీ దగ్గింది.

"ఎవురమ్మా ఊదుబత్తి పెట్టింది?" అని లోపలినుంచి ఉప్పలమ్మ లేచి కూర్చుంది. "నేనింక పోలే."

దండం పెట్టినాయన చెప్పులు అక్కడే వదిలేసి రోడ్డు దాటాడు. పూలు పెట్టినావిడ మాత్రం పూలు వెనక్కి తీసుకుంది. చచ్చిన మనిషికి పెట్టినవి బతికిన మనిషికి ఇవ్వకూడదని ఆమెకి అనిపించి ఉంటుంది.

కాసేపటికి చందర్ బుల్లెట్ వచ్చి నా షాపు ముందు ఆగింది.

"పాణన్నా! ఏందిది?"

"ఫ్లెక్సీ."

"ఫ్లెక్సీ అని నాకు తెల్వదా? మా అమ్మ గా షెడ్డుల ఎందుకున్నది?"

"షెడ్డులో ఉన్నది ఉప్పలమ్మ, తమ్ముడూ. మీ అమ్మ పైనున్నది."

"పైకి పోయిందని నాకెరుకే! గందుకే గద నీకు ఆర్డరిచ్చిన!"

నా నోరు ఎప్పుడూ అంతే. ఆ రోజుకి మూసుకున్నాను.

చందర్ రోడ్డు దాటి ఫ్లెక్సీ కొస పట్టుకున్నాడు. ఉప్పలమ్మ తనే మడత పెట్టి ఇచ్చింది.

"కోపం జెయ్యకు బాబూ. కింద ఏస్కుంటే తొక్కినట్టయితదని పైన కప్పుకున్న. మొకం కాళ్ళ దిక్కు రాకుండ తలకాడికే పెట్టిన."

"నీకెవరు పెట్టుమన్నరు?"

"ఎవరూ అనలే. ఆడమనిషి గదా అని పెట్టిన."

చందర్ చెయ్యి చాపాడు. ఫ్లెక్సీ తీసుకున్నాడు కానీ దాన్ని ఏం చేయాలో తెలియలేదు. ఇంటి ముందు ఇంకొకటి కట్టే ఉంది. చెత్తలో వేయడానికి అమ్మ ముఖం. ఇంట్లో పెట్టడానికి అల్లుడు లేడు. కాసేపు చంకలో పెట్టుకుని నిలబడి, చివరికి బండి వెనక కట్టుకుని వెళ్ళాడు. వెళ్తుంటే వెనకనుంచి శోభారాణి గారి కళ్ళు మడతలోంచి నా వైపే చూశాయి.

సాయంత్రం మీటింగు. సర్వర్ భాయ్ పరుపుల షాపు ముందు పరువు గురించి మీటింగు. సర్వర్ భాయ్‌ది తాతల కాలం నాటి దూది వ్యాపారం. ఇప్పుడు ఫోమ్ పరుపులు కూడా అమ్ముతాడు. ముందు ఆయనే మొదలుపెట్టాడు.

"నా సంగతి జూడు పాణి భాయ్. నేను పరుపులమ్ముత. ఎదురుంగ ఆ అమ్మ సిమెంటు మీద గుర్రు పెడ్తది. కస్టమర్ ఇటు నా పరుపు జూస్తడు, అటు ఆమెను జూస్తడు. 'ఆమెకే గంత మంచి నిద్ర వస్తాంటే నాకెందుకయ్యా ఈ పరుపు' అంటడు. ఏం జెప్పాలె?"

"అయితే పంపియ్యాలంటవా భాయ్?" అన్నాడు చందర్.

"నేను గట్లంటనా? లోపల పాత దూది బొంత ఒకటున్నది. ఇస్తనంటున్న."

"వద్దు! పరుపిస్తే పర్మనెంటయితది. తిండి పెట్టు, ఎవరొద్దన్నరు? అన్నం తింటే అయిపోతది. బొంత పండుకుంటే అయిపోతదా?"

అందరం తలలూపాం. అందులో కాదనడానికి ఏమీ కనబడలేదు. మా వీధిలో శుక్రవారం బిర్యానీ పొట్లాలు పంచుతారు, శనివారం పులిహోర పంచుతారు, ఎవరి పుట్టినరోజైతే వాళ్ళు అరటిపళ్ళు పంచుతారు. ఇంతవరకు ఎవరూ దుప్పటి పంచలేదని నాకు అప్పుడే తట్టింది. తట్టిన మాట పైకి అనలేదు.

అవతల ఎక్కడో ఆశ్రమం ఉందని ఎవరో అన్నారు. ఎటపాక దాటాక, రోడ్డు పక్కన బోర్డు చూశామన్నారు. ఎటపాక అంటే మా ఊరి కొసనే, కానీ అది ఆంధ్ర. పది నిమిషాలు పోతే రాష్ట్రం మారుతుంది. రాష్ట్రం మారితే రాత కూడా మారుతుందని మీటింగులో అందరికీ నమ్మకం కలిగింది. ఆశ్రమానికి ఫోన్ చేద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

మర్నాడు పొద్దున చందర్ ట్రాలీ ఆటో రూప్లాని పిలిచి రానూపోనూ కిరాయి మాట్లాడాడు. ఉప్పలమ్మ ఉన్నవి తీసుకుంది. సంచీ, సత్తుగిన్నె, ఒక చీర. ట్రాలీలో సామాను లేదు కాబట్టి కాలు బారుగా చాపుకుని కూర్చుంది.

"ఆడ బల్ల ఉంటదా బాబూ?" అని ఒక్క మాట అడిగింది.

"మంచాలే ఉంటయి," అన్నాడు చందర్.

ఆటో వెళ్ళింది. చందర్ మనిషిని పెట్టి బల్ల కడిగించాడు. తడి ఆరేదాకా చర్ల బస్సు కోసం వచ్చినవాళ్ళు నిలబడే ఉన్నారు.

మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి ఉప్పలమ్మ బల్ల మీద ఉంది. కొంగులో జామకాయలు. చందర్ దుకాణంలోంచి పరుగెత్తుకొచ్చి రూప్లా ఆటోకి అడ్డం నిలబడ్డాడు.

"ఏందిరా గిది? దింపి రమ్మన్న గద!"

"దింపిన సేటూ," అన్నాడు రూప్లా. వాడి ముఖంలో ఏ తప్పూ లేదు. "దింపి, చాయ్ తాగి, బండి తిప్పుతాంటే చెయ్యెత్తింది. సవారీ చెయ్యెత్తితే ఆపకుండ ఎట్లొస్త?"

"ఆమెను వదిలిపెట్టనీకే గద పోయింది!"

"వదిలిపెట్టిన గద! మళ్ళ ఎక్కింది. రానూపోనూ కిరాయి మీరే ఇస్తిరి. ఖాళీగ వచ్చుడెందుకని తెచ్చిన. ఆమెతాన పైస తీస్కోలే, కావాలంటే అడుగుండ్రి."

నాకు తెలిసి ఈ చుట్టుపక్కల ఏ ఆటోవాడైనా అదే చేస్తాడు. రానూపోనూ మాట్లాడుకున్న బండి ఖాళీగా తిరిగొస్తే డీజిల్ ఉసురు తగులుతుందని వీళ్ళ నమ్మకం. చందర్ కిరాయి మాట్లాడేటప్పుడు పోవడం ఒక్కటే మనసులో పెట్టుకుని, నోటితో మాత్రం అలవాటు కొద్దీ రావడం కూడా అడిగాడు. సర్వర్ భాయ్ షాపులోకి వెళ్ళి పరుపుల మధ్య ముఖం దాచుకుని నవ్వాడు. నాకు నవ్వు రావలసిన చోటు అదే. రాలేదు.

"ఆశ్రమం లేదా?" అని ఉప్పలమ్మని అడిగాను.

"బోర్డున్నది బిడ్డా. బోర్డు ఎనక ఇల్లు లేదు. నీ అసొంటోళ్ళెవరో కొట్టిచ్చిన్రు, మంచిగున్నది బోర్డు." ఒక జామకాయ నా చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం బసవపున్నయ్య గారు కర్ర పట్టుకుని వచ్చారు. భార్య పోయాక ఆయన ఇల్లు కదలడం అదే మొదలు. నేరుగా షెడ్డులోకి వెళ్ళి బల్ల చివర, ఉప్పలమ్మ కాలికి అవతల కూర్చున్నారు. నేను షెడ్డుకి ఆనించి ఉంచిన నా నిచ్చెన కోసం రోడ్డు దాటిన మనిషిని, అక్కడే ఆగిపోయాను.

"మా ఆవిడని కప్పుకున్నది నువ్వేనా అమ్మా?"

"నేనే అయ్యా. తప్పయింది."

"మొకం మీద వాన పడ్డదా?"

"పడ్డది. కొంగుతో తుడిచిన."

ఆయన కర్ర పక్కన ఆనించారు. "ఖమ్మం దవాఖానల ఆమెను చేర్చినప్పుడు నేనూ బయట వరండాలోనే పడుకున్న. పేపర్ ఏసుకొని. అటు పదిమంది, ఇటు పదిమంది. ఒక్కడూ లెవ్వమనలే."

"మీకు లోపల మనిషి ఉన్నది గద అయ్యా," అంది ఉప్పలమ్మ. "లోపల మనిషి ఉంటే బయట పండుకోనిస్తరు."

ఆయన కర్ర అందుకున్నారు. లేస్తూ కప్పు వైపు చూశారు. రేకు సందులోంచి చుక్క పడుతోంది. ఆ చుక్క పడే చోట చెయ్యి పెట్టి చూసి, ఇంటికి వెళ్ళి కొడుకుతో చెప్పారట. 'ఆమె జోలికి పోకు. షెడ్డు కురుస్తాంది. మీ అమ్మ పేరు మీద బాగుచేయించు.'

చందర్ తండ్రి మాట జవదాటేవాడు కాదు. వారం తిరగకుండా పని మొదలైంది. కొత్త రేకులు, టైల్స్, రంగులు. సిమెంటు బల్లని డ్రిల్లుతో పగలగొట్టారు. గట్టిది, మధ్యాహ్నం దాకా పట్టింది. ఉప్పలమ్మ నా షాపు మెట్టు మీద కూర్చుని చూసింది. ఆ కొద్ది రోజులూ ఆమె సర్వర్ భాయ్ షట్టర్ ముందు పడుకుంది. ఆయన బొంత ఇవ్వనూ లేదు, పొమ్మని అననూ లేదు. షట్టర్ మాత్రం రోజూ కాస్త ఆలస్యంగా ఎత్తేవాడు.

బల్ల ఉన్న చోట ఐదు స్టీలు కుర్చీలు వచ్చాయి. ఒకే ఇనుప దూలానికి వరసగా బిగించినవి. ప్రతి కుర్చీకీ అటో చెయ్యి, ఇటో చెయ్యి. మనుషులకి రెండు చేతులుంటే, కుర్చీల వరసకి ఆరు.

చందర్ నా దగ్గరికి వచ్చాడు. "పాణన్నా, ఓపెనింగ్ ఫ్లెక్సీ. మంచి మాట ఒకటి రాయి. నీకు వస్తయి గద గసొంటియి."

వస్తాయి. రాశాను. 'శోభారాణి స్మారక ప్రయాణికుల విశ్రాంతి మందిరం. మీరు కూర్చోండి, మాకు పుణ్యం కూర్చండి.' చందర్ రెండుసార్లు చదువుకుని సంబరపడ్డాడు. అల్లుడి బొమ్మ ఈసారి మొదటి వరసలో పెట్టాను. రిబ్బను కట్ చేశారు, కొబ్బరికాయ కొట్టారు, లడ్డూలు పంచారు. ఉప్పలమ్మకి రెండు ఇచ్చారు.

బసవపున్నయ్య గారిని మొదటి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన అటు జరగబోయారు. ఇనుప చెయ్యి తగిలింది. ఇటు ఒరగబోయారు. ఇటూ తగిలింది.

"నడుం వాల్చనీకి లేదేందిరా?"

"వాల్చొద్దనే నాన్నా," అన్నాడు చందర్ చిన్నగా, సంతోషంగా. "మీరన్నట్టే ఆమె జోలికి పోలే. ఆమెను ఎవరూ లెవ్వమనరు. కూసోనీ, ఎంతసేపన్న కూసోనీ."

ఆయన మా అందరి వైపూ చూశారు. మేం చప్పట్లు కొట్టాం. కాసేపటికి ఆయన కూడా కొట్టారు.

ఉప్పలమ్మ మూడు నాలుగు రోజులు కుర్చీలో కూర్చుని పడుకోవడానికి చూసింది. కాలు నీరు దిగి దుంగలా అయింది. చెప్పు పట్టలేదు. ఒక చెప్పుతో హోటల్‌కి పోతుంటే చూశాను. కుర్చీల ముందు టైల్స్ మీద పడుకుందామంటే జల్లు లోపలికి కొడుతోంది. కుర్చీల కింద మాత్రం జల్లు రాదు. దూలానికీ నేలకీ మధ్య ఒక మనిషి దూరేంత సందు ఉంది, ఐదు కుర్చీల పొడవునా ఉంది. ఆమె అక్కడికి మారింది.

 చందర్ వచ్చి వంగి చూసి, కుర్చీలో పడుకోలేదు గదా అని వెళ్ళిపోయాడు. సర్వర్ భాయ్ షాపు నుంచి చూస్తే ఇప్పుడు ఆమె కనబడదు. బస్సు కోసం వచ్చినవాళ్ళు పైన కూర్చుంటారు. ఫోన్ మాట్లాడతారు, బఠాణీలు తింటారు, పొట్టు కింద పడుతుంది. బస్సు రాగానే లేచి వెళ్ళిపోతారు. బసవపున్నయ్య గారు రోజూ సాయంత్రం వచ్చి చివరి కుర్చీలో కూర్చుంటారు. ఆయన మాత్రం రెండు కాళ్ళూ పైకి ముడుచుకుని కూర్చుంటారు. ఆ వయసులో అలా ఎంతోసేపు కుదరదు. కాళ్ళు తిమ్మిరెక్కగానే లేచి వెళ్ళిపోతారు. ఇద్దరూ మాట్లాడుకోవడం నేను మళ్ళీ వినలేదు.

మొన్న మబ్బు పట్టిన పొద్దున ఉప్పలమ్మ నా మెట్టు దగ్గరికి వచ్చింది.

"సారూ, టైల్స్ సలవ పెడ్తున్నయి. పాతది ఏమన్న ఉన్నదా?"

"ఉంది, తీసుకో అవ్వా."

మూలనున్న కట్ట తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈసారి కప్పుకొననీకి కాదు బిడ్డా, కింద ఏస్కొననీకి. మొకం లేనిది ఇయ్యి."

కట్ట విప్పాను. పుట్టినరోజులు, శ్రద్ధాంజలులు, స్వాగతాలు, అభినందనలు. పెద్ద ముఖాలు, వాటి కింద చిన్న ముఖాలు, మూలల్లో ఇంకా చిన్నవి. ఒక్కొక్కటే తీసి నేల మీద పరిచాను. అన్నీ నవ్వుతున్నాయి. షాపంతా వెతికినా ముఖం లేనిది ఒక్కటి దొరకలేదు. ఉప్పలమ్మ గుమ్మంలోనే నిలబడింది, వాటిని తొక్కాల్సి వస్తుందని లోపలికి రాకుండా.

చివరికి మిషన్ దగ్గరికి వెళ్ళి, చుట్ట మీదున్న కొత్త గుడ్డని ఐదు కుర్చీల పొడవున కోశాను. ఏమీ అచ్చు వేయలేదు. నోట్లో మాట ఏదైనా ఆడుతుందేమో చూశాను. ఆడలేదు.

ఆమె దాన్ని వెలుతురుకి పెట్టి చూసింది.

"తెల్లగున్నదేంది? మన్ను జల్దీ కనబడ్తది," అని తిరగేసింది.

అటు పక్క కూడా తెల్లగానే ఉంది. చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని, చర్ల బస్సు పోయేదాకా ఆగి, రోడ్డు దాటింది.